పదేళ్ళ కాంట్రాక్టు, పదకొండు నెలల కాంట్రాక్టు

అమెరికాలో టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ 2023 నవంబరులో తన ఫుట్‌బాల్ కోచ్ జింబో ఫిషర్‌ని సీజను మధ్యలోనే పొమ్మంది. పొమ్మన్నందుకు కట్టాల్సి వచ్చిన సొమ్ము సుమారు 7.68 కోట్ల డాలర్లు. ఆనాటి మారకంలో 630 కోట్ల రూపాయల పైమాట. అరవై రోజుల్లోపు 1.92 కోట్ల డాలర్లు, ఆ తర్వాత 2031 దాకా ఏటా 72 లక్షల డాలర్లు. ఈలోగా అతను వేరేచోట పనిలో చేరినా ఇందులో పైసా కోత లేదు.

మనవేపు రాజాం, టెక్కలి, ఎచ్చెర్ల, బొబ్బిలి చుట్టుపక్కల ప్రైవేటు కాలేజీల్లో కోచ్ చేతికి వచ్చే కాగితం మామూలుగా పదకొండు నెలలది. చాలాచోట్ల అది ఒక్క పేజీ ఆఫర్ లెటరు. వెనకటికి ఉగాదికి కుదిరి ఉగాదికి మానే కంబారికి (పాలేరుకి) ఇంతకంటే ఒక నెల ఎక్కువే ఉండేది.

ఈ రెండు కాగితాల్నీ పక్కపక్కన పెట్టి చదివితే ఒక సంగతి తెలుస్తుంది. పదేళ్ళా, పదకొండు నెలలా అన్నది పైన కనిపించే అంకె. మధ్యలో తెంచుకుంటే ఎవరు ఎవరికి, ఎప్పట్లోగా, ఎంత ఇవ్వాలి అన్న పేరాయే అసలు కాంట్రాక్టు. మిగతాదంతా శుభలేఖ. మన కోచ్‌లు ఆ పేరా చదవకుండా సంతకం పెడతారు, మన కరస్పాండెంట్లు ఆ పేరా రాయించకుండా ఇస్తారు.

ముందుగా ఒక మాట. అక్కడ ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేది కాదు, కోడిగుడ్డు ఆకారం బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తేది. కాలేజీ జట్ల ఆటకి లక్షమంది పట్టే స్టేడియాలు నిండుతాయి, టీవీ హక్కుల సొమ్ము వస్తుంది. కాబట్టి అంకెలు పోల్చుకుని లాభం లేదు. పోల్చుకోవాల్సింది కాగితం కట్టిన తీరు.

అక్కడ అంత పొడుగు కాంట్రాక్టులు ఎందుకొచ్చాయంటే, పిల్లల కోసం. హైస్కూలు చివర్లో ఉన్న మంచి ఆటగాడి ఇంటికి కోచ్ స్వయంగా వెళ్ళి కూర్చుంటాడు. ఆ తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న: మావాడు చదువు అయ్యేదాకా మీరు ఇక్కడే ఉంటారా? ఆటగాడికి నాలుగు సీజన్లు. కోచ్ కాంట్రాక్టులో రెండేళ్ళే మిగిలుంటే పక్క రాష్ట్రం కోచ్ అదే మాట ఎత్తి పిల్లాణ్ణి తన్నుకుపోతాడు. అందుకని మిగిలిన కాలం నాలుగేళ్ళకి తగ్గకుండా ఏటా ఇంకో ఏడాది కలుపుతూ పోవడం అలవాటైంది. ఇప్పుడు ఆటగాళ్ళు ఒక యూనివర్సిటీ నుంచి ఇంకో యూనివర్సిటీకి ఇట్టే మారిపోగలుగుతున్నారు, కోచ్ వెనకే వెళ్ళిపోతున్నారు కూడా. దాంతో ఆ వాదనలో బలం సగం పోయింది. కాంట్రాక్టుల పొడుగు మాత్రం తగ్గలేదు. కోచ్ తరఫు ఏజెంట్లకి ఆ వాదన అవసరం, పక్క యూనివర్సిటీ ఎత్తుకుపోతుందేమో అన్న భయం యాజమాన్యాలకి ఉండనే ఉంది.

ఆ భయంలో రాసిన కాంట్రాక్టు ఎలా ఉంటుందో నోటర్ డేమ్ యూనివర్సిటీ చూపించింది. చార్లీ వైస్ 2005లో అక్కడ కోచ్‌గా చేరాడు. మొదటి సీజను సగంలోనే, ఏడాదైనా నిండకుండా, పదేళ్ళ పొడిగింపు ఇచ్చేశారు. 2009 నవంబరు 30న తీసేశారు. ఆ తర్వాత 2015 దాకా అతనికి కడుతూనే ఉన్నారు, మొత్తం సుమారు 1.9 కోట్ల డాలర్లు. ఆబర్న్ యూనివర్సిటీ గస్ మాల్జాన్‌కి 2017 చివర్లో ఏడేళ్ళకి 4.9 కోట్ల డాలర్ల కాంట్రాక్టు రాసి, 2020 డిసెంబరులో తీసేసి, 2.145 కోట్ల డాలర్లు ఒప్పుకుంది. అందులో సగం ముప్ఫై రోజుల్లోపే.

తారీఖు ఎంత ఖరీదైనదో నెబ్రాస్కాలో తేలింది. స్కాట్ ఫ్రాస్ట్‌ని తీసేస్తే ఇవ్వాల్సింది 1.5 కోట్ల డాలర్లు. 2022 అక్టోబరు 1 దాటితే అది 75 లక్షలకి పడిపోతుంది. యూనివర్సిటీ ఆగలేదు, సెప్టెంబరు 11న తీసేసింది. మూడు వారాల ఓపిక ఖరీదు 75 లక్షల డాలర్లు. వాళ్ళ లెక్క వాళ్ళకుంటుంది: సీజను పాడైతే టిక్కెట్లు, చందాలు పోతాయి. కానీ మెట్లుమెట్లుగా తగ్గే పరిహారం రాసేటప్పుడు మెట్టు ఎక్కడ దిగుతుందో చూసుకోవాలన్నది అక్కడ నేర్చుకోవచ్చు. సీజను మధ్యలో మెట్టు పెడితే ఆ తారీఖు చుట్టూ ఇద్దరూ నాటకం ఆడతారు. మన కాలేజీలకైతే మెట్టు జూన్ 30న ఉండాలి.

కోచ్ వైపు నుంచి కూడా ఇలాంటిదే జరిగింది. మైక్ లీచ్‌ని టెక్సాస్ టెక్ 2009 డిసెంబరు 30న తీసేసింది. మర్నాడు డిసెంబరు 31కి ఉద్యోగంలో ఉండి ఉంటే 8 లక్షల డాలర్ల బోనస్ వచ్చేది. కోర్టుకి వెళితే, ప్రభుత్వ యూనివర్సిటీ మీద నష్టపరిహారానికి దావా నడవదన్న సూత్రం అడ్డొచ్చింది. ‘ఫలానా తేదీకి ఉద్యోగంలో ఉంటేనే’ అనే షరతు ఎక్కడ కనిపించినా, పక్కనే ‘ముందే తీసేస్తే పనిచేసిన నెలల మేరకు ఇవ్వాలి’ అని రాయించుకోవాలి.

ఎదురు దారి కూడా ఉంది: కోచ్ తనంతట తను వెళితే తను కట్టేది. రిచ్ రోడ్రిగ్వెజ్ 2007 డిసెంబరులో వెస్ట్ వర్జీనియా వదిలి మిషిగన్‌కి వెళ్ళాడు. కాంట్రాక్టు ప్రకారం 40 లక్షల డాలర్లు కట్టాలి. కట్టనన్నాడు, కోర్టుకెక్కారు, 2008లో రాజీకొచ్చారు. 25 లక్షలు మిషిగన్ ఇచ్చింది, 15 లక్షలు అతను. క్లెమ్సన్ అయితే డాబో స్వినీ కాంట్రాక్టులో ఒక పేరు పెట్టి మరీ రాసింది: అలబామాకి వెళితే మామూలు సొమ్ముకి ఒకటిన్నర రెట్లు. అతను ఆటగాడిగా పుట్టి పెరిగింది అలబామాలో మరి. ఏ ఇంటి పిలుపుకి మనసు లాగుతుందో వాళ్ళకి తెలుసు.

ఇక కోత సంగతి. తీసేసిన కోచ్ కొత్త ఉద్యోగం వెతుక్కోవాలి, అక్కడి జీతం మేరకు పాత యూనివర్సిటీ ఇచ్చేది తగ్గుతుంది అనేది చాలా కాంట్రాక్టుల్లో ఉండే షరతు. పెన్ స్టేట్ 2025 అక్టోబరులో జేమ్స్ ఫ్రాంక్లిన్‌ని తీసేసినప్పుడు బాకీ సుమారు 4.9 కోట్ల డాలర్లు. నెల తిరిగేసరికి అతను వర్జీనియా టెక్‌లో చేరాడు, లెక్క 90 లక్షలకి తెగిపోయింది. ఫిషర్ కాంట్రాక్టులో ఈ ఒక్క షరతు లేకపోవడమే ఆ 630 కోట్లకి మూలం.

ఆ షరతుకీ చిల్లు పెట్టొచ్చు. టెనెసీ 2017లో తీసేసిన బుచ్ జోన్స్‌కి 80 లక్షల డాలర్ల పైచిలుకు రావాలి. అతను అలబామాలో 35 వేల డాలర్ల జీతానికి సహాయకుడిగా చేరాడు. ఎక్కువ జీతం తీసుకుంటే ఆ మేరకు పాతవాళ్ళకి మిగులుతుంది గాని తనకి కాదు. అందుకే తర్వాతి కాంట్రాక్టుల్లో ‘మార్కెట్ విలువకి తగ్గ జీతం’ అనే మాట చేరడం మొదలైంది.

సరే, ఇందులో మన జిల్లాలకి ఏది పనికొస్తుంది?

మొదట కాలం. పదేళ్ళు అక్కర్లేదు. ఒక బ్యాచి చాలు. ఇంజనీరింగు కాలేజీ అయితే నాలుగేళ్ళు, డిగ్రీ కాలేజీ అయితే మూడేళ్ళు. స్పోర్ట్స్ కోటాలో చేరిన పిల్ల చివరి సంవత్సరం దాకా ఒకే కోచ్ దగ్గర ఉండాలి, అంతే. వెయిట్‌లిఫ్టింగుకి ఇది ఇంకా అవసరం. ఊసవానిపేట నుంచి వెళ్ళి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలెత్తిన కరణం మల్లీశ్వరి, 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చిన కొండవెలగాడ అమ్మాయి మత్స సంతోషి మన జిల్లాలవాళ్ళే. స్నాచ్‌లో, అంటే బార్‌ని ఒక్క ఊపులో తలపైకి ఎత్తేటప్పుడు, బార్ కింద కూర్చునే పద్ధతిని కోచ్‌కొక రకంగా నేర్పుతారు. రెండో ఏడు కోచ్ మారితే పిల్ల మళ్ళీ ఖాళీ బార్‌తో మొదలుపెట్టాలి. ఫుట్‌బాల్‌లో ఒక ఆట తీరు జట్టుకి పట్టుబడడానికి రెండు సీజన్లు పడుతుంది. పదకొండు నెలల కాగితంలో ఒక్క సీజనే ఉంది.

తర్వాత, మన చట్టం. ఇక్కడే అమెరికా కాగితాన్ని యథాతథంగా దింపుకున్నవాళ్ళు దెబ్బతింటారు.

కాంట్రాక్టుల్లో అతి ప్రమాదకరమైన వాక్యం ఇది: ‘ఇరుపక్షాల్లో ఎవరైనా ఒక నెల నోటీసుతో ఈ ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు.’ పైన నాలుగేళ్ళని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, కింద పద్నాలుగో పేరాలో ఇది ఉంటుంది. ఇది ఉంటే నాలుగేళ్ళు లేవు. ఒక నెలే ఉంది. నోటీసుతో రద్దు చేసుకోదగ్గ ఒప్పందాన్ని తప్పుగా రద్దు చేసినా, వచ్చేది ఆ నోటీసు కాలపు సొమ్మే అని సుప్రీంకోర్టు 1991లో ఇండియన్ ఆయిల్, అమృతసర్ గ్యాస్ కేసులో చెప్పింది. అది గ్యాస్ ఏజెన్సీ గొడవే గాని, సూత్రం కోచ్‌కీ వర్తిస్తుంది. మళ్ళీ ఉద్యోగంలో పెట్టమని కోర్టు చేత చెప్పించుకోవడం కూడా ప్రైవేటు కాలేజీ విషయంలో దాదాపు అయ్యేది కాదు. మనిషి సొంత నైపుణ్యం మీద నడిచే ఒప్పందాన్ని బలవంతంగా అమలు చేయించడానికి 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం 14వ సెక్షను ఒప్పుకోదు. ఇది రెండువైపులా కత్తి: వెళ్ళిపోతానన్న కోచ్‌ని కాలేజీ కట్టేసుకోలేదు, పొమ్మన్న కాలేజీని కోచ్ పట్టుకు వేలాడలేడు. మిగిలేది డబ్బు ఒక్కటే.

ఆ డబ్బు దగ్గర 1872 కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను వస్తుంది. ఒప్పందం తప్పితే ఇంత అని మీరు రాసుకున్న అంకె, గరిష్ఠ పరిమితి మాత్రమే. కోర్టు ఆ లోపల సబబైనంతే ఇస్తుంది. నష్టం రుజువు చెయ్యడం వీలైన చోట రుజువు చూపమంటుందని 2015లో సుప్రీంకోర్టు ఇచ్చిన కైలాశ్‌నాథ్ తీర్పు. లెక్కకట్టడం కష్టమైన నష్టమైతే, ముందే నిజాయితీగా అంచనా వేసి రాసుకున్న అంకెకి విలువ ఉంటుంది. కాబట్టి అంకె రాస్తే సరిపోదు, అంకె ఎలా వచ్చిందో రెండు వాక్యాలు రాయాలి.

ఈ రెండు వాక్యాల విలువ అమెరికా కేసులోనే బాగా కనిపిస్తుంది. జెర్రీ డినార్డో అనే కోచ్ 1994 చివర్లో వాండర్‌బిల్ట్ వదిలి లూసియానా స్టేట్‌కి పోయాడు. కాంట్రాక్టు ప్రకారం మిగిలిన కాలానికి నికర జీతమంతా కట్టమంది వాండర్‌బిల్ట్, కింది కోర్టు 2,81,886 డాలర్లు వేసింది. ఇది జరిమానా, పరిహారం కాదు అని అతని వాదన. 1999లో అప్పీలు కోర్టు ఆ క్లాజు చెల్లుతుందంది. కారణం, జట్టుకి దీర్ఘకాలం ఒకే కోచ్ ఉండడం యూనివర్సిటీకి ముఖ్యమని, ఆ హామీ కోసమే ఈ కాలం రాసుకుంటున్నామని కాంట్రాక్టులోనే ఉంది. పొడిగింపు కాగితం చెల్లుతుందా అన్న ముక్క మాత్రం మళ్ళీ విచారణకి పంపింది, అది షరతు మీద సంతకం పెట్టిన కాగితం. పొడిగింపులు నోటిమాట మీద, షరతుల మీద నడిపితే ఇదే గతి.

మన దగ్గర కాలేజీలు రాయించుకునే బాండ్ల మీద ఇటీవలి మాట 2025 మే నెలలో విజయా బ్యాంకు కేసులో వచ్చింది. మూడేళ్ళకి ముందే మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతుని సుప్రీంకోర్టు సమర్థించింది. ఉద్యోగంలో ఉన్న కాలానికి పెట్టుకున్న షరతు, వృత్తికి అడ్డుకట్ట కాదంది. ‘బాండ్లు చెల్లవు మాస్టారూ’ అని టీకొట్టు దగ్గర చెప్పే సలహా నమ్మకండి. చెల్లనిది వేరే ఉంది: మానేశాక రెండేళ్ళపాటు విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఇంకెక్కడా కోచింగు ఇవ్వకూడదు అన్న వాక్యం. కాంట్రాక్టు చట్టం 27వ సెక్షను కింద అది కాగితం మీద సిరా మాత్రమే. విశాఖ కాలేజీ ఎగరేసుకుపోతుందని భయం ఉంటే, వెళ్ళినందుకు సబబైన సొమ్ము రాసుకోవాలి గాని, వెళ్ళాక ఏం చెయ్యాలో రాయడానికి లేదు.

ఇప్పుడు లెక్క. నెలకి 45,000 జీతం, 2026 జూలై 1 నుంచి 2030 జూన్ 30 దాకా నాలుగేళ్ళు అనుకుందాం. 2028 డిసెంబరు 31న కారణం లేకుండా తీసేశారు. మిగిలినవి 18 నెలలు, అంటే 8,10,000. నెల నోటీసు వాక్యం ఉంటే కోచ్‌కి వచ్చేది 45,000. ఈ రెండు అంకెల మధ్యే బేరమంతా.

మొత్తం 8,10,000 అడిగితే ఏ ట్రస్టూ సంతకం పెట్టదు, పెట్టినా కోర్టులో నిలవడం కష్టం. కోచ్‌కి ఈలోగా వేరే పని దొరికే అవకాశాన్ని అదే చట్టం 73వ సెక్షను లెక్కలోకి తీసుకోమంటుంది కాబట్టి. మా సలహా మెట్ల పద్ధతి. మొదటి ఏడు తీసేస్తే ఎనిమిది నెలల జీతం, రెండో ఏడు ఆరు, మూడో ఏడు నాలుగు, నాలుగో ఏడు రెండు. మిగిలిన నెలలకి మించకూడదు. పై ఉదాహరణలో నాలుగు నెలలు, 1,80,000. ముప్ఫై రోజుల్లో ఒకే మొత్తం, కొత్త ఉద్యోగం దొరికినా కోత లేదు. ఎందుకు నాలుగు నెలలు? ఇక్కడ కోచ్‌ల నియామకాలు కొత్త విద్యా సంవత్సరం ముందే జరుగుతాయి. మధ్యలో రోడ్డున పడినవాడికి మళ్ళీ పని దొరకాలంటే వేసవి రావాలి. ఈ కారణమే ఒప్పందంలో రాయండి, మీ రెండు వాక్యాలు అవే.

కోత షరతు చిన్న మొత్తాల్లో పెట్టడం మాకు నచ్చదు. పెడితే బుచ్ జోన్స్ కథే: బావమరిది అకాడమీలో 5,000 జీతానికి చేరినట్టు కాగితం పుడుతుంది, పిల్లల ఫీజులు ఫోన్‌పేలో వేరేగా వస్తాయి. దాన్ని పట్టుకోవడానికి కాలేజీ అకౌంటెంటు ప్రతి నెలా డిక్లరేషన్ అడగాలి. 1,80,000 కోసం అంత అవస్థ దేనికి?

కోచ్ వైపు మెట్లు చిన్నవిగా ఉండాలి: మొదటి ఏడు వదిలేస్తే మూడు నెలల జీతం, రెండో ఏడు రెండు, ఆపైన ఒకటి. ఏప్రిల్, మే నెలల్లో అరవై రోజుల నోటీసిచ్చి వెళితే ఏమీ లేదు. కాలేజీకి అసలు నష్టం జరిగేది అంతర కళాశాలల పోటీలు, వర్సిటీ జట్టు ఎంపికలు నడిచే రోజుల్లో. నష్టం ఉన్నచోటే సొమ్ము ఉండాలి.

పరిహారం లేకుండా తీసేసే కారణాల జాబితా మీద ఎక్కువసేపు కూర్చోండి, ఎందుకంటే గొడవలన్నీ అక్కడే పుడతాయి. మిషిగన్ స్టేట్ 2021లో మెల్ టక్కర్‌కి పదేళ్ళకి 9.5 కోట్ల డాలర్లు రాసింది. 2023 సెప్టెంబరులో నడవడికి సంబంధించిన క్లాజు కింద తీసేసి, మిగిలిన సుమారు 8 కోట్లు ఇవ్వనంది. అతను కోర్టుకి వెళ్ళాడు. అంత పెద్ద మొత్తం ఒక్క క్లాజులో రెండు మూడు మాటల అర్థం మీద వేలాడింది.

మన జాబితాలో ఉండాల్సినవి ఇవి: అంతర్గత ఫిర్యాదుల కమిటీ విచారణలో రుజువైన లైంగిక వేధింపు, ఆటగాళ్ళకి నిషేధిత మందు ఇవ్వడం, ఇప్పించడం, దాచడం, వయసు, అడ్మిషను దొంగ కాగితాలు, బయటి కుర్రాడికి కాలేజీ జెర్సీ వేసి ఆడించడం. ఈ చివరిది మనవేపు ఎంత మామూలో అందరికీ తెలుసు. అంతర విశ్వవిద్యాలయ పోటీలకి వయసు పరిమితి ఉంది, అడ్మిషను నిజమైనదై ఉండాలి. దొరికితే శిక్ష పడేది జట్టుకి. యాజమాన్యమే ఒత్తిడి పెట్టి ఆడించి, తర్వాత నెపం కోచ్ మీద తోసెయ్యడానికి ఈ క్లాజు వాడకుండా, ‘జట్టు జాబితా మీద ప్రిన్సిపాల్, కోచ్ ఇద్దరి సంతకాలూ ఉండాలి’ అని చేర్చాలి. కోచ్ మాస్టారూ, ఆ సంతకం లేకుండా బస్సెక్కకండి.

జాబితాలో ఉండకూడనిది ‘పనితీరు తృప్తికరంగా లేకపోవడం’. ఆ మాట ఉంటే మిగతా కాగితం చింపెయ్యొచ్చు. ఓడినందుకు తీసెయ్యండి, తప్పులేదు, మెట్టు ప్రకారం డబ్బిచ్చి తీసెయ్యండి. కారణం చూపే ప్రతిసారీ రాతపూర్వకంగా నోటీసు, జవాబుకి పదిహేను రోజులు, ఎదురుగా వినడం ఉండాలి. వాట్సాప్‌లో ‘రేపట్నుంచి రావొద్దు’ అని పెట్టేది నోటీసు కాదు. అందినట్టు రుజువుండేలా స్పీడ్ పోస్టులో పంపండి, ఈమెయిల్ కూడా పెట్టండి.

ఫలితాలు అడిగే ముందు కాలేజీ ఇచ్చేవి ఒక అనుబంధంలో రాయించుకోవాలి. అమెరికా కోచ్‌లు తమ జీతంతోపాటు సహాయకుల జీతాల మొత్తం ఎంతో కూడా కాంట్రాక్టులో వేయించుకుంటారు. ఇక్కడ అడగాల్సింది: ఇరవైమంది జట్టుకి కనీసం పది ఐదో సైజు బంతులు, ఏటా మార్పు, ఉదయం 5.30 నుంచి 7.30 దాకా గ్రౌండు ఆటకే, ఆ టైములో డ్రైవింగు నేర్పే కార్లు రాకూడదు. వెయిట్‌లిఫ్టింగు అయితే 20 కిలోల పురుషుల బార్, 15 కిలోల మహిళల బార్ వేర్వేరుగా, నాలుగు మీటర్ల చదరపు ప్లాట్‌ఫాం, రబ్బరు ప్లేట్లు. ఆడపిల్లల చేత 20 కిలోల బార్‌తో సాధన చేయించి పోటీకి పంపితే పట్టు దగ్గరే తేడా వస్తుంది, ఎందుకంటే ఆ బార్ లావు వేరు. హాస్టల్ మెస్సులో ఆటగాళ్ళకి అదనంగా ఏం పెడతారో గుడ్ల లెక్కతో సహా రాయించండి. ఇవి ఇవ్వకపోతే ఆ ఏడు ఫలితాల బోనస్ షరతు కోచ్‌కి అనుకూలంగా మారాలి.

బోనస్‌ల మాట: ‘మంచి ఫలితాలకి తగిన ప్రోత్సాహకం’ అనేది చెల్లని నోటు. వర్సిటీ అంతర కళాశాలల విజేతకి ఇంత, వర్సిటీ జట్టుకి ఎంపికైన ఒక్కో ఆటగాడికి ఇంత, సౌత్ జోన్ నుంచి తర్వాతి దశకి వెళితే ఇంత అని, ఏ తేదీలోగా ఇస్తారో చెప్పి రాయాలి.

ఉద్యోగా, కన్సల్టెంటా అన్నది తేల్చుకోండి. కన్సల్టెంటంటే 10 శాతం టీడీఎస్ కోసి చేతికిస్తారు, పీఎఫ్ లేదు, గ్రాట్యుటీ లేదు. పొద్దున హాజరు వేయించుకుని, సెలవుకి చీటీ రాయించుకుంటూ కన్సల్టెంటు అనడం అన్యాయం, గొడవొస్తే కాలేజీకే ఇబ్బంది. 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన సామాజిక భద్రతా కోడ్ ప్రకారం నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగికి గ్రాట్యుటీ కోసం అయిదేళ్ళు ఆగనక్కర్లేదు, ఏడాది చాలు. లెక్క పాతదే: లెక్కలోకొచ్చే నెల జీతాన్ని 26తో భాగించి 15తో గుణిస్తే ఒక ఏడాదిది. ఆ జీతం 27,000 అయితే ఏడాదికి 15,577, నాలుగేళ్ళకి సుమారు 62,300. పదకొండు నెలలు పెట్టి మే నెలలో విరామం చూపించే పాత ఎత్తు, ఏడాది నిండాలన్న ఈ గీతని తప్పించుకోవడానికీ వాడతారు. కాగితం అలా వస్తే అడగండి.

సంతకం రోజున మూడు పనులు చెయ్యొద్దు. ఒరిజినల్ సర్టిఫికెట్లు వదిలి రావొద్దు. ఎన్ఐఎస్ (పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ) డిప్లొమా, కోచింగు లైసెన్సు చూపించి వెనక్కి తెచ్చుకోండి. ఖాళీ చెక్కు సంతకం పెట్టి ఇవ్వొద్దు; బాండు సొమ్ముకని తీసుకున్నా, బౌన్సయితే 138 సెక్షను కేసు మీ మీదే పడుతుంది. ‘వివాదం వస్తే చైర్మన్ గారి నిర్ణయమే తుది’ అన్న వాక్యానికి ఒప్పుకోవద్దు. ఒక పక్షంతో ముడిపడినవాడు మధ్యవర్తి కాకూడదని 2015 సవరణతో చట్టంలో ఉంది. అలాంటివాడు తన తరఫున ఇంకొకర్ని మధ్యవర్తిగా వెయ్యడం కూడా కుదరదని 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇద్దరూ ఒప్పుకున్న ఒక రిటైర్డు జడ్జి, లేదా సూటిగా విజయనగరం, శ్రీకాకుళం కోర్టులు అని రాసుకోండి.

మన దేశంలోనే ఈమధ్య జరిగినదొకటి ఉంది. భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2023 అక్టోబరులో జాతీయ కోచ్ ఇగోర్ స్టిమాచ్ కాంట్రాక్టు 2026 దాకా పొడిగించి, 2024 జూన్‌లో తీసేసింది. అతను మిగిలిన కాలానికి జీతం అడిగాడు. చివరికి 4 లక్షల డాలర్లు, సుమారు 3.36 కోట్ల రూపాయలు, ఇచ్చి రాజీపడింది. పొడిగింపు ఇచ్చేనాడు తెంపుడు పేరా మీద గంట కూర్చుని ఉంటే ఆ అంకె ముందే తెలిసి ఉండేది.

ఒప్పందం రెండు అసలు ప్రతుల్లో చేయించి, ప్రతి పేజీ కిందా ఇద్దరూ సంతకాలు పెట్టండి. ట్రస్టు తరఫున పెట్టేవారికి ఆ అధికారం ఇచ్చిన తీర్మానం నకలు జతపరచమనండి. కరస్పాండెంట్ మారాక ‘ఆయనకి ఆ హక్కు లేదు’ అనే వాదన వస్తుంది. డబ్బు రావాల్సి ఉండి రాకపోతే దావాకి గడువు మూడేళ్ళు. ‘చూద్దాం మాస్టారూ, వచ్చే నెల’ అన్న నోటిమాటలతో ఆ గడువు పెరగదు. గడువు తీరకముందే బాకీ ఉన్నట్టు ఒప్పుకుంటూ సంతకం పెట్టిన కాగితం ఉంటేనే అది మళ్ళీ మొదటినుంచి లెక్కకొస్తుంది.